ఉతికిన వల మళ్ళీ తడపడం

2004 జూన్‌లో నన్ను అనకాపల్లి పాస్టరేటుకు బైబిల్ ఉమెన్‌గా వేశారు. ఈ ఉద్యోగం పేరు ఇప్పుడు చాలామందికి తెలియదు. సంఘంలో పైన పాస్టరుగారు, ఆయన కింద ఉపదేశి, ఆ కింద మేము. ప్రసంగం చేసే అధికారం మాకు లేదు. ఆడవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి వాక్యం చదివి వినిపించడం, ప్రశ్నలడిగి జవాబులు నేర్పడం, నెలాఖరుకు రిపోర్టు ఇవ్వడం, ఇదే పని. నా వంతుకు కశింకోట వైపు మూడు ఊళ్ళు, రాంబిల్లి మండలంలో ఒక మత్స్యకార గ్రామం వచ్చాయి.

ఆ గ్రామంలో క్లాసు గురువారం మధ్యాహ్నం మూడింటికి. ఆడవాళ్ళు చేపలమ్ముకుని, వంట చేసుకుని అప్పటికి తీరికయ్యేవారు. మొత్తం పదిహేనుమంది. ఇద్దరికి తప్ప చదువు రాదు కాబట్టి అంతా విని నేర్చుకోవడమే. ఏడాది చివర అనకాపల్లి చర్చి హాల్లో నోటి పరీక్ష ఉండేది. కనీసం ఎనిమిదిమంది నెగ్గకపోతే ఆ ఊరి క్లాసు ఎత్తేస్తారు. కిందటేడు వాళ్ళు అత్తెసరుగా గట్టెక్కారని పాస్టరుగారు నాకు మొదటి రోజే చెప్పారు.

ఆ ఏటి పాఠాలు విధేయత, విశ్వాసం, ఆశీర్వాదం. ప్రశ్నలూ జవాబులూ అచ్చేసిన గైడు మాకిచ్చారు. పేతురు పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. పేతురు రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడలేదు. తెల్లారాక ఒడ్డున వలలు కడుక్కుంటూ ఉంటే, లోతుకు పోయి మళ్ళీ వెయ్యమన్నాడు ప్రభువు. పేతురు ఆ మాట విన్నాడు. వలలు చిరిగిపోయేటన్ని చేపలు పడ్డాయి.

నూకమ్మ చెయ్యెత్తింది. బాప్తిస్మంలో ఆవిడకు పెట్టిన పేరు మార్తమ్మ. రిజిస్టర్లో అదే ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఆవిడ పలకదు.

"అమ్మగారూ, రేత్రంతా సేపల్లేక వచ్చినోణ్ణి, ఉతికిన వల మళ్ళీ తడపమంటే ఎలాగుంటాదో మీకు తెల్దు. నాసు ఏరాల, ఇసక దులపాల, మళ్ళీ ఆరెయ్యాల. మా ఆయనైతే సెప్పినోణ్ణి నాలుగు తిట్టేవోడు."

అందరూ నవ్వారు. నూకమ్మ నవ్వలేదు. "ఇంకోటండి. వల సిరిగిపోతే అది దీవెనేటి? నట్టం కదా?"

గైడులో జవాబు ఒక్కటే వాక్యం: పేతురు విధేయుడైనందున సమృద్ధిగా చేపలు దొరికాయి. చిరిగిన వల సంగతి అందులో లేదు. పరీక్ష భయం కొద్దీ, "అక్కడ ఇవేవీ అనకు నూకమ్మా. పుస్తకంలో ముక్క ఒక్కటే చెప్పు" అన్నాను.

"అలాగేనమ్మగారూ. మీరు సెప్పమన్నదే సెప్తాను" అంది.

బస్సెక్కాక కాస్త సిగ్గనిపించింది. విధేయత పాఠం పేరుతో ఆలోచన మానెయ్యమని చెప్పి వచ్చాను.

పరీక్షకు విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు వచ్చారు. ఒక్కొక్కరినీ పిలిచి అడిగి, మార్కు అక్కడికక్కడే పైకి చదివేవారు. నేను పక్క బెంచీ మీద కూర్చుని వేళ్ళమీద లెక్కపెడుతున్నాను. ఆ ఊరివాళ్ళు పద్నాలుగుమంది అయ్యేసరికి నెగ్గినవారు ఏడుగురు. ఇక మిగిలింది నూకమ్మ ఒక్కతే.

పేతురు ప్రశ్నే పడింది. గైడులో వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆయన కలం కింద పెట్టారు.

"ఈ జవాబు పొద్దుట్నుంచీ వింటూనే ఉన్నాను. నీకేం అర్థమయిందో అది చెప్పు."

నూకమ్మ నా వైపు చూసి తల దించుకుంది. ఆయన మళ్ళీ అడిగారు. "అమ్మగారు వొద్దన్నారండి" అంది.

నేను లేచి నిలబడ్డాను. వద్దన్నది నేనేనని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. "ఇప్పుడు నేనే చెప్పమంటున్నాను నూకమ్మా" అన్నాను.

అప్పుడు మొదలుపెట్టింది. వల ఉతకడం గురించి చెప్పింది. "సేపలు పడతాయని ముందే తెలిస్తే ఎవుడైనా వల ఏత్తాడండి. తెల్దు కాబట్టే అది మాట వినడం. పడకపోయినా ఆ వల మళ్ళీ ఉతుక్కోవలిసిందే కదా."

"మరి వల చిరిగిందిగా, దీవెన ఎక్కడుంది?" అన్నారాయన.

"నాకూ తెల్లేదండి. మా ఆయన్ని అడిగేను. వల సిరిగిపోతంటే పక్క పడవోణ్ణి కేకెయ్యకుండా ఎవుడుంటాడే అన్నాడు. పాఠంలో పేతురూ పక్క పడవోళ్ళని కేకేసేడు కదండీ. రెండు పడవలూ నిండేయి. వల గట్టిగా ఉండుంటే ఒక్కడే లాక్కునీవోడు. దీవెన ఆడొక్కడికే అయితే ఆ వల సిరగదండి."

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీశారు. వల ఉతకడానికి ఎంతసేపు పడుతుందని అడిగారు. పెద్ద వలైతే ఇద్దరికి పూటంతా పడుతుందని నూకమ్మ చెప్పింది. ఆయన అది గైడు వెనక అట్ట మీద రాసుకుని, తర్వాత పూర్తి మార్కులు చదివారు. పొద్దుట్నుంచీ ఆ అంకె అదే మొదటిసారి వినడం.

పరీక్ష అయ్యాక పాస్టరుగారింట్లో టీ తాగుతుంటే నూకమ్మ నా పక్కకొచ్చి, "మీ మాట దాటేనేటమ్మగారూ?" అని మెల్లిగా అడిగింది. దాటలేదన్నాను. అయితే ఇంకో టీ తాగుతానంది.

క్లాసు నిలబడింది. గైడులో జవాబు మార్చమని హెడ్మాస్టరుగారు దాన్ని అచ్చేసే ఆఫీసుకు ఉత్తరం రాశారని విన్నాను. మరుసటేడు కూడా పాత వాక్యమే అచ్చయింది. అయినా ఆ తర్వాత నేను గైడు మూసి ఉంచి, ఆ పని తెలిసినవాళ్ళను ముందు మాట్లాడనిచ్చేదాన్ని. విత్తువాడి పాఠమైతే కశింకోట వైపు విత్తనాలు వేసే ఆడవాళ్ళను, పులిసిన పిండి పాఠమైతే రొట్టెలు చేసేవాళ్ళను. అలా చేస్తే క్లాసు గంట దాటేది, రిపోర్టులో కారణం రాయాల్సి వచ్చేది. ఒక ఆజ్ఞను పాటించడానికి ఎంత శ్రమ పడుతుందో తెలియకుండా, దాన్ని పాటించమని ఇంకొకరికి చెప్పకూడదు. ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అది.