బ్రాకెట్లలో చప్పుళ్లు

మా నాన్న బోగోలు తీరంలో పడవ ఇంజను పక్కన కూర్చుని బతికినవాడు. ఆ మోత ఆయన చెవులు రెండూ తినేసింది. నేను ఇంటిపట్టునే ఉండి, చేపల వేట మీదా వ్యవసాయం మీదా ఒక కంపెనీ తీసే వీడియోలకు సబ్‌టైటిళ్లు రాస్తాను.

నాన్న కోసమే మాటలతో పాటు చప్పుళ్లు కూడా బ్రాకెట్లలో రాయడం మొదలుపెట్టాను. (ఇసుక మీద పడవ ఈడుస్తున్న చప్పుడు). (ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది). కొత్త వీడియో రాగానే ఆయన ఫోను నా చేతికిచ్చి, "చెవిటోడి ముందర శంఖం ఊదు మ్మా" అని నవ్వేవాడు. ఇంజను అందుకున్న చోట చెవులకు వినబడ్డట్టే తృప్తిగా తలాడించేవాడు. ఆ తలాడింపు కోసం ఈ పని ఊరికే చేయమన్నా చేసేదాన్ని.

ఈ మధ్య కంపెనీవాళ్లు ఫైళ్లన్నీ ఎక్సెల్ షీట్లుగా మార్చి పంపమన్నారు. వేరే భాషల్లోకి మార్చేవాళ్లకు ఒక గడిలో సమయం, పక్క గడిలో మాట ఉంటే చాలట. బ్రాకెట్లు వద్దన్నారు. చప్పుళ్లకు ఇంకో గడి పెడతానన్నాను.

"అవెవరు చదువుతారండీ?" అన్నాడు ఫోనులో ఆ కంపెనీ మనిషి.

 మా నాన్న చదువుతాడని చెప్తే అతను నవ్వి ఊరుకునేవాడు. ఒళ్లు మండింది, కానీ తిండి పెట్టే పని.

ఫైళ్లు మార్చడానికి కంప్యూటరులో చిన్న స్క్రిప్టు, అంటే ప్రోగ్రాము, రాశాను. బ్రాకెట్లు కనబడితే లోపలున్నదంతా తీసేయడానికి అందులో ఒక్క లైను సరిపోయింది. నేను రాసిన ప్రోగ్రాము మొదటిసారే తప్పు లేకుండా నడిచినందుకు ఏడుపొచ్చింది అప్పుడొక్కసారే. తర్వాత కంపెనీవాళ్లు ఆ షీట్ల నుంచే సబ్‌టైటిళ్లు మళ్లీ తయారుచేసి పాత వీడియోలకు కూడా తగిలించారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఒక సాయంత్రం నాన్న తనకిష్టమైన వీడియో పెట్టుకున్నాడు. పడవలు వేటకు పోయే వీడియో అది, మనుషుల మాటలు తక్కువ. పడవలు ఇసుక దాటాయి, ఇంజన్ల పొగ లేచింది, తెర కింద ఒక్క అక్షరం లేదు. ఆయన పంచె చెంగుతో ఫోను తుడిచాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టాడు. తర్వాత సౌండు బటను నొక్కుతూ పోయాడు.

ఇల్లంతా ఇంజను మోత. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను. ఆయన ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు.

"వినబడే ఆ కాస్త కూడా పోయినట్టుండాది మ్మా" అన్నాడు.