కాళమ్మ వాకిట్లో గుంత

హేమావతి మట్టి శాస్త్రవేత్త. వేప్పనపల్లి దగ్గర మామిడి రైతు కూతురు, హోసూరు ల్యాబులో ఉద్యోగం. ఎక్కడికి వెళ్లినా మనుషుల్ని పలకరించే ముందు మట్టి నలిపి చూసేది. కాపురానికి వెళ్లిన కొత్తలో తులసికోటలో వేలు పెట్టి, "సున్నం ఎక్కువైంది అత్తమ్మా" అంది. అప్పట్నుంచి అత్తగారు తులసికోటకు కాపలా కాసేది.

డెంకణికోట అడవి అంచున ఉన్న ఇరుళర్ గిరిజనుల పల్లెకు మట్టి నమూనాల కోసం వెళ్లింది. వాళ్ల భూమి తగవులో తలదూర్చి ఇక బయటికి రాలేదు. తరాలుగా దున్నుతున్న నేలే గానీ కాగితం లేదు. పాత కాపురానికి గుర్తు చూపిస్తే హక్కుపత్రానికి సిఫారసు చేస్తామన్నారు అధికారులు. ఆ గుర్తు హేమావతికే దొరికింది. తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ తిట్టగల కాళమ్మవ్వ ఇంటి ముందరి బూడిదకుప్ప! తాతల నాటి పొయ్యిబూడిద, పగిలిన కుండలు, పొర మీద పొర. ఈ సంగతి నివేదికలో పేజీల కొద్దీ రాసింది. పల్లెలో మాత్రం చెప్పడం మరిచింది.

తనిఖీ రోజు అధికారి సెల్వరాజ్‌ను వెంటబెట్టుకు వెళితే కుప్ప లేదు. ఆ చోట పేడతో అలికిన వాకిలి, ముగ్గు, ముగ్గు మీద కుర్చీ.

"అవ్వా, కుప్ప యాడ?"

"రాగిచేన్లకు తోలేసినాము. పెద్దమనిషి వస్తాడని నువ్వే చెప్పినావు గదమ్మా. చెత్త చూపిస్తామా?"

సెల్వరాజ్ కుర్చీలో కూర్చుని, "సాక్ష్యం ఏదమ్మా?" అన్నాడు.

"మీరు దానిమీదే కూర్చున్నారు సార్. లేవండి." హేమావతి గడ్డపార అందుకుంది.

కాళమ్మ అడ్డం పడింది. "అయ్యో, పొద్దున్నే అలికినానే! వచ్చినాయన కాళ్లకింద గుంత తవ్వమని మీయమ్మ నేర్పించిందా?"

"తవ్వకుంటే నీ చేను పోతాదవ్వా!"

"చేనూ కావల్ల, వాకిలీ కావల్ల!"

"వాకిలి నేనే అలుకుతా, తప్పుకో."

ముగ్గు చెదిరింది. చుట్టూ ఎర్రనేల, గుంతలో మాత్రం మోకాటి లోతు దాకా నల్లటి మట్టి, నడుమ కుండపెంకులు. కుప్పను ఎత్తుకుపోయారు గానీ, నేలలోకి దిగినదాన్ని ఎవరెత్తగలరు? సెల్వరాజ్ చెప్పులు విడిచి గుంతలోకి దిగాడు. మాడు పట్టిన పెంకుల్ని ఒక్కొక్కటే గోకి చూశాడు.

"ఇంత మాడబెట్టింది ఎవరు?"

"మా అత్త," అంది కాళమ్మ, తడుముకోకుండా.

"ఒక్క అత్తతో అయ్యే పని కాదిది. వరసగా శానామంది అత్తలు ఉండాల."

గుంత గట్టునే కూర్చుని సిఫారసు రాశాడు. సంతకం పడిందో లేదో, కాళమ్మ పేడతట్ట తెచ్చి హేమావతి ముందు పెట్టింది.

"ఇంక అలుకమ్మా. కూడు ఆ తర్వాతే." సెల్వరాజ్ వైపు తిరిగింది. "నువ్వేం చూస్తావప్పా? నీళ్లు తీసుకురా పో."