డోరిస్ పెదవి మీద పులిపిరి

ఆ రోజుల్లో నాకున్న ఏకైక డిగ్రీ గోదావరిలో వాలుగలు పట్టడం. తొమ్మిదో తరగతిలో బడి నన్ను వదిలేసిందో, నేనే బడిని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు గానీ, ఇంగ్లండులో బ్రాక్‌నెల్‌లో ఉన్న అక్కావాళ్ళింటికి వచ్చిన కొత్తలో ఆ లోటు బాగా తెలిసొచ్చింది. ఇంటికొచ్చిన ప్రతివాడూ మాస్టర్స్ చేసినవాడే. "మీరేం చదివారండీ?" అని నన్నడిగితే బావే అందుకుని, "మావాడు నీళ్ళలో పీహెచ్‌డీ" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఆపడానికే ఒక శనివారం అందరి ముందూ అనేశాను, రేపు నేను పట్టిన వాలుగతో పులుసు అని. అక్క అక్కడికక్కడే అందర్నీ భోజనానికి పిలిచేసి, మర్నాడు పొద్దున్నే చింతపండు నానబోసింది. (చేప ఇంకా నీళ్ళలోనే ఉంది.)

థేమ్స్ పక్కనే బావకి మెంబర్‌షిప్ ఉన్న క్లబ్బు చెరువు. మా పక్కన తెల్ల మీసాల పెద్దాయనొకాయన మడతకుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. మధ్యాహ్నానికి నా గేలం గుంజింది. బావా నేనూ కిందామీదా పడి లాగితే వచ్చింది, నా అంత పొడుగు వాలుగ, అచ్చం గోదారి దాని అక్కలా. నోట్లో బొటనవేలు పెట్టి పట్టుకుంటే ఆకురాయిలాంటి పళ్ళు తోలు గీకేశాయి. అయినా నా ధ్యాసంతా పులుసు మీదే. కింది పెదవి మీద ఉసిరికాయంత పులిపిరి కనిపించింది. "ఇంతమేర కోసి పారేద్దాం బావా, మిగతాది బంగారం" అని సంచి తెరిచాను.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ పట్టింది మళ్ళీ వదిలెయ్యాల్రా."

"మరి పట్టడం ఎందుకు?"

"ఫోటోకి."

"ఆ ముక్క నిన్న చెప్పొచ్చుగా."

"నువ్వు పడతావనుకోలేదు. దార్లో ఏదో చేప కొనేసి నీ పేరు చెబుదామనుకున్నా."

ఈలోగా పెద్దాయన పరుగున వచ్చి, మెత్తటి పరుపొకటి పరిచి, దాని మీద నీళ్ళు చల్లాడు. పులిపిరిని చూడగానే గుర్తుపట్టాడు. "డోరిస్, నువ్వా. నిరుడు బఠాణీగింజంతే ఉంది కదమ్మా ఇది" అని జేబులోంచి మందుసీసా తీసి, గేలం గుచ్చుకున్న చోట అద్దాడు. నెత్తురోడుతున్న నా వేలు చూపించాను. "ఆగు నాయనా, ముందు ఆవిడ" అన్నాడు. (ఆ వేలు వాచిపోతే మా జీపీ డాక్టరు దగ్గర రెండు వారాల తర్వాతగానీ అపాయింట్‌మెంట్ దొరకలేదు. డోరిస్‌కి జీపీ గట్టు మీదే ఉన్నాడు.)

నా డిగ్రీ తోకాడించుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోయింది. ఆ పూట మాస్టర్లందరూ కోడిగుడ్ల పులుసు తిని, ఫోటో చూసి, "చేప బావుందండీ" అన్నారు.

పోయిన నెల డోరిస్ మళ్ళీ నా గేలానికే పడింది. పెద్దాయన ఇప్పుడు వంగలేడు, కుర్చీలోంచే సీసా అందించాడు. నేనే మోకాళ్ళ మీద కూర్చుని, పులిపిరి ఎంత పెరిగిందో చూసి, ముందు ఆవిడకి అద్ది తర్వాత నా వేలు చూసుకున్నాను. అప్పుడే అక్క ఫోను: "ఏరా, పడిందా? చింతపండు నానబొయ్యనా?"

"నానబొయ్యి. గుడ్లు కూడా ఉడకెయ్యి" అన్నాను.