బొటనవేలి కింద అంకె

మా టైలరమ్మ కొలతలు తీసే పద్ధతి చూస్తే చాలు, ఆమె ఎలాంటి మనిషో తెలిసిపోయేది. సన్నగా ఉన్నవాళ్ళు వస్తే టేపు నడుముకి చుట్టి, అంకె గట్టిగా పైకి చెప్పేది. నేను రాసుకునేదాన్ని. కాస్త ఒళ్ళున్నవాళ్ళు వస్తే మాత్రం నోరు మెదిపేది కాదు. టేపు మీద అంకె దగ్గర బొటనవేలు నొక్కిపెట్టి, అలాగే నా దాకా తీసుకొచ్చి, నా కళ్ళ ముందు వేలు పక్కకి జరిపేది. నేను చూసి రాసుకోవాలి. పెదవి కదపకూడదు. కొట్లో ఎంతమంది ఉన్నా ఆ అంకె మా ముగ్గురి మధ్యే ఉండిపోయేది.

"ఎందుకే ఈ నాటకం? లావుగా ఉన్న సంగతి ఆవిడకి తెలీదా, మనకి తెలీదా?" అని మొదట్లో విసుక్కున్నాను.

"తెలుసు పిన్నీ. తెలిసినదాన్ని నలుగుర్లో చదివి వినిపించడం దేనికి?" అంది.

నేను వాళ్ళమ్మకి చెల్లెల్ని. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం, అంచులు మడిచి కుట్టడం, అన్నీ నా పనే. నా నోరు మంచిది కాదని వీధంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ. నోరు మంచిది కానివాళ్ళు లేకపోతే మా టైలరమ్మలాంటి మెతకమనిషిని ఎవరైనా బతకనిస్తారా? మొగుడు జ్వరంతో పోయేనాటికి దానికి చంకలో పిల్ల. ఇంటి ముందుగదిలో మిషన్ వేసుకుని, వెనక రెండు గదుల్లో కాపురం పెట్టుకుని, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నెట్టుకొచ్చింది. ఎవరికి ఏం కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి వదిలేది. "మనిషన్నాక ఒళ్ళు వస్తుంది, పోతుంది. విప్పుకోవడానికి చోటుండాలి," అనేది.

తన దగ్గరికి వచ్చేసరికి మాత్రం టేపు ముట్టుకునేది కాదు. పాత గౌను తీసి కొత్త గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, రెండు వేళ్ళు ఎక్కువ వదిలి కత్తిరించేది. మరుసటి ఏడు ఆ గౌను పరిచి మళ్ళీ రెండు వేళ్ళు. అలా ఏళ్ళ తరబడి పెరుగుతూనే పోయింది. గుండీల సొరుగులో గుండీల కింద బిస్కెట్ పొట్లాలు ఉండేవి. నేను చూసేదాన్ని. నేను చూశానని దానికీ తెలుసు. చూసినప్పుడల్లా దాని మొహం కందిపోయేది. సొరుగు మూసేసి, ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడేది కాదు.

పిల్ల మాత్రం పుల్లలా ఉండేది. అందుకే దానికి పుల్ల అని నేనే పేరు పెట్టాను. బళ్ళో మీటింగులకీ, ఆటల పోటీలకీ తల్లులు వెళ్తారు కదా, మా ఇంట్లో నేను వెళ్ళేదాన్ని. "పని నెత్తిమీదుంది పిన్నీ, నువ్వెళ్ళిరా," అనేది టైలరమ్మ. ఏం పని? నేను తిరిగొచ్చేసరికి మిషన్ మీద మూత అలాగే ఉండేది. అక్కడి కుర్చీల్లో తను పట్టదని దాని భయం. పిల్లతో ఎవరైనా 'మీ అమ్మేనా?' అంటారని భయం.

ఒకరోజు మధ్యాహ్నం మిషన్ తొక్కుతూ తొక్కుతూనే కునుకు తీసింది. సూది సూటిగా చూపుడువేల్లోంచి దిగిపోయింది. ఆ వేలికి కట్టు కట్టించడానికి తీసుకెళ్తే, డాక్టరమ్మ వేలు వదిలేసి మనిషిని చూసింది. పరీక్షలన్నీ చేయించి, "నీకు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందమ్మా. అందుకే పగలంతా ఈ మగత. ఇలాగే వదిలేస్తే ఒకరోజు ఆగింది ఆగినట్టే ఉండిపోతుంది," అంది. తిండి పడే సంచిని కత్తిరించి చిన్నది చేసే ఆపరేషన్ ఉందని చెప్పింది.

టైలరమ్మ ఇంటి గడపలో ఆగి, "పిన్నీ, ఆ డాక్టరమ్మ లోపల గుడ్డేమీ వదలదట. కత్తిరించింది కత్తిరించినట్టేనట. మళ్ళీ విప్పుకోవడానికి ఉండదట," అంది. నవ్వబోయి, నవ్వలేక లోపలికి నడిచింది.

పుల్లకి మాత్రం పిత్తాశయంలో రాళ్ళున్నాయని, తీయించుకుని నాలుగు రోజుల్లో వచ్చేస్తానని చెప్పింది. నన్నూ అదే చెప్పమంది. నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళ పిల్ల దగ్గర ఈ దాపరికం ఏమిటని అరిచాను. "నీ కాళ్ళు పట్టుకుంటా పిన్నీ," అంది. ఆ మాటకి ఇంకేమంటాం?

ఆపరేషన్‌కి ముందు కొన్నాళ్ళు పాలూ నీళ్ళూ తప్ప ఏమీ తీసుకోకూడదన్నారు. సొరుగులో పొట్లాలు తనే తీసి నా ఒళ్ళో పడేసింది. ఎంత నీరసంగా ఉన్నా మిషన్ మీంచి లేచేది కాదు. బూడిదరంగు గళ్ళ గుడ్డ, స్కూలు ఫ్రాకులు. ఒకదాని తర్వాత ఒకటి నా ముందు పడేది కాజాల కోసం. ఒకదానికన్నా ఒకటి పెద్దది.

"ఎవరివే ఇవి? ఎంతమంది అక్కచెల్లెళ్ళు?" అన్నాను.

"ఆర్డరు," అంది తలెత్తకుండా.

అన్నిటికన్నా పెద్దదానికి కాజా తీస్తుంటే కాలర్ లోపల ఎర్రదారంతో చిన్న ఇంటూ గుర్తు కనిపించింది. ఆ గుర్తు ఇంకెవరి బట్టలకీ ఉండదు. బళ్ళో బట్టలు మారిపోకుండా పుల్ల బట్టలకి మాత్రమే వేస్తుంది. మిగతావీ తిరగేశాను. అన్నిటికీ ఉంది. వచ్చే ఏటిది, ఆపై ఏటిది, బడి అయిపోయే దాకా సరిపడా కుట్టి పడేసింది మహాతల్లి! నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమే, బాగుపడటానికి వెళ్తున్నావా, చావడానికి వెళ్తున్నావా?"

మిషన్ ఆపింది.

"భయమేస్తోంది పిన్నీ. చస్తానని ఒక్కటే కాదు. చస్తే ఎలా పోయిందని అడుగుతారు కదా. తిని తిని ఒళ్ళు పెంచుకుంది, అది తగ్గించుకోబోయి పోయింది అంటారు. అది నా కూతురు వినాలి. మామూలు రోగమొచ్చి పోయినవాళ్ళ పిల్లల్ని చూసి అందరూ జాలిపడతారు. నా పిల్లని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు."

ఆ ఫ్రాకు మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని కాజా పూర్తి చేశాను.

ఆస్పత్రికి వెళ్ళే ముందురోజు సాయంత్రం కొట్టు మూసేశాం. కత్తిరింపుల బల్ల కింద ఆ ఫ్రాకులు దాచిన పెట్టెలో పుల్ల దేన్నో వెతుకుతోంది. కాసేపటికి వెనకగదిలోంచి వచ్చి మా ముందు నిలబడింది. ఒంటి మీద అన్నిటికన్నా పెద్ద ఫ్రాకు. భుజాలు మోచేతుల దాకా జారిపోయాయి. అంచు నేల మీద ఈడుస్తోంది.

"అమ్మా, ఇది ఎవరిది? కాలర్లో నా గుర్తుంది."

పుల్ల టైలరు కూతురు. గుడ్డ చూస్తే దానికి తెలియనిదేముంది? నడుము దగ్గర మిగిలిన గుడ్డని రెండు పిడికిళ్ళతో పట్టుకుంది. పట్టుకోగా ఇంకా మిగిలింది.

"పొడుగంటే పెరుగుతాను, సరే. ఇక్కడెందుకింత? నేనింత లావవుతానా?"

నేను టైలరమ్మ వైపు చూసి, చూడలేక తల తిప్పుకున్నాను. పిల్ల కొలత తీయలేదు. బడిపిల్లలకి మామూలుగా వేసే కొలతలూ వేయలేదు. ఊళ్ళో అందరి పిల్లలకీ కళ్ళు మూసుకుని కుట్టే మనిషి, కన్నకూతురికి మాత్రం తన ఒళ్ళు కొలతగా పెట్టి కత్తిరించింది. ఆ సంగతి టైలరమ్మకే ఆ క్షణం దాకా తెలియనే లేదు.

"నేనూ నీ వయసులో పుల్లనేనే," అంది. "పెద్ద క్లాసులకొచ్చేసరికి ఇలా అయ్యాను. నువ్వూ నాలాగే... ఏమో, చెయ్యి దానంతటదే అలా కోసేసింది."

"అయినా ఇప్పుడే ఎందుకు కుట్టావు? నాలుగు రోజుల్లో వచ్చేస్తానన్నావుగా?"

ఇంక దాచడానికి చోటు లేదు. తల దించుకుని, ఒళ్ళో ఉన్న సుద్దముక్కని విరుస్తూ చెప్పింది. "రాళ్ళు లేవే. నా ఒళ్ళు తగ్గించడానికి చేస్తున్నారు. రాళ్ళంటే ఎవరూ తప్పుపట్టరు, వాటంతటవే వస్తాయి. ఇది నేను తిని తెచ్చుకున్నది. నీకు చెప్పడానికి సిగ్గేసింది. మీ బడికి రానిది కూడా అందుకే. పనుండి కాదు."

పుల్ల మొహం ఎర్రబడింది. కొడుతుందేమో అనుకున్నాను, అంత కోపం.

"నేను చదవనని రావట్లేదనుకున్నా! నా గురించి టీచర్లు ఏమంటారోనని నీకు సిగ్గేమో అనుకున్నా! ఇన్నాళ్ళూ!"

తల కొట్టేసినట్టయిపోయింది టైలరమ్మకి. పిల్లని దగ్గరికి లాక్కోబోయింది. పుల్ల రాలేదు. ఫ్రాకు తలమీంచి లాగేసి బల్ల మీద పడేసి, "ఇవన్నీ విప్పేయ్. ఏ ఏటి కొలత ఆ ఏడే తియ్యి," అని లోపలికి పోయింది. దానికి టైలరమ్మ 'సరే' అనలేకపోయింది. ఏ ధైర్యంతో అంటుంది?

మర్నాడు పొద్దున్న ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. నేనొద్దన్నా పుల్ల ఆగలేదు. అక్కడి వరండాలో గోడ పొడుగునా బెంచీలు, బెంచీల నిండా జనం. ఆ చివర బరువు చూసే మిషన్. ఎక్కగానే దాని ముందున్న పెట్టెలో ఎర్రగా అంకె వెలుగుతుంది. నర్సు ఆ అంకెని, బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తాకి వినపడేలా అరిచి చెబుతోంది. గుమాస్తాకే ఏమిటి, బయట రిక్షావాడికి కూడా వినపడేలా ఉంది. వినగానే అందరి తలలూ ఒకేసారి అటు తిరుగుతున్నాయి.

మా వంతు వచ్చింది. టైలరమ్మ లేచింది కానీ, సంచి చంకన పెట్టుకుని గుమ్మం వైపు తిరిగింది.

"పద పిన్నీ, ఇంటికి పోదాం. వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెల ఈ నర్సు మూగదవుతుందా? తిన్నగా నడు!" అన్నాను. అది నా మాట చెవిన వేసుకోలేదు. రెండడుగులు వేసేసింది కూడా. ఆ రెండడుగులూ ఎటు పోతున్నాయో నాకు తెలుసు. కుట్టు మిషన్ మీద కునికే మనిషి దగ్గరికే, రాత్రుళ్ళు ఆగి ఆగి వచ్చే ఊపిరి దగ్గరికే. నాకు ఏడుపొచ్చింది.

పుల్ల వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకుంది. నిన్న సాయంత్రం నుంచి ఒక్క మాట మాట్లాడని పిల్ల, మిషన్ దాకా నడిపించుకొచ్చింది. తను దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ఎర్ర అంకె వెలిగే చోట అరచెయ్యి మూసి పెట్టింది.

"ఎక్కమ్మా."

టైలరమ్మ ఎక్కింది.

"ఏయ్ పాపా, చెయ్యి తియ్యి!" అంది నర్సు.

"మీరు దగ్గరికొచ్చి చూసి రాసుకోండి ఆంటీ. పైకి చదవకూడదు."

నర్సు ఏదో అనబోయింది. పిల్లనీ, మిషన్ మీద కళ్ళు మూసుకుని నిలబడ్డ తల్లినీ చూసింది. కాగితం పట్టుకుని వచ్చి వంగింది. పుల్ల అరచెయ్యి తీసి, బొటనవేలు మాత్రం ఉంచి, దాన్నీ పక్కకి జరిపింది. నర్సు రాసుకుంది. పెదవి కదపలేదు.

మిషన్ దిగి టైలరమ్మ నా భుజం పట్టుకుంది. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి. "ఇంత పిల్లకి దాచడం నేర్పాను పిన్నీ. సిగ్గుగా ఉంది," అంది. తర్వాత తనే పుల్ల ముందుకి వంగి, "ఫ్రాకుల నడుము కుట్లు విప్పి ఉంచండి. వచ్చాక ఏ ఏటి కొలత ఆ ఏడే తీస్తాను," అంది. గుమ్మం వైపు చూడకుండా నర్సు వెనకే నడిచి వెళ్ళిపోయింది.

ఫ్రాకులు నా సంచిలోనే ఉన్నాయి. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. ఆపరేషన్ గది ముందు బెంచీ మీద నేనొక పక్క, పుల్ల ఒక పక్క కూర్చుని పెద్ద ఫ్రాకు కుట్లు విప్పుతూ పోయాం. నా చూపంతా ఆ గది తలుపు మీదే, దారం తెగడం లేదు. పుల్ల నా వైపు కూడా విప్పింది. అన్నీ విప్పేశాక చెయ్యడానికేమీ లేక, ఊడిన దారాలన్నీ ఏరి ఉండచుట్టి పట్టుకుని కూర్చుంది. నర్సు వచ్చి, "మీ అమ్మ కళ్ళు తెరిచిందమ్మా," అన్నాక కూడా ఆ ఉండ వదలలేదు.

మర్నాడు లోపలికి వెళ్ళనిచ్చారు. మంచానికి వెన్ను ఆనించి కూర్చోబెట్టారు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పక్క మంచాల మీద మనుషులు, వాళ్ళ తాలూకు వాళ్ళు, గది నిండా సందడి. పుల్ల మెళ్ళో వేసుకొచ్చిన టేపు తీసి తల్లి చేతికిచ్చి, దగ్గరగా జరిగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

టైలరమ్మ టేపు దాని నడుముకి చుట్టింది. అలవాటు కదా, అంకె దగ్గర బొటనవేలు నొక్కిపెట్టి నా వైపు తిప్పబోయింది.

"పైకి చెప్పమ్మా," అంది పుల్ల.

టైలరమ్మ కూతురి మొహంలోకి చూసింది. వేలు తీసేసింది.

"ఇరవై మూడు," అంది, గదిలో అందరికీ వినపడేలా.