చిగుళ్ళు పాలిపోయిన కుక్కపిల్ల

నిన్న మధ్యాహ్నం మా కోడలు మనవడికి నులిపురుగుల మందని వాయువిడంగాలు నూరుతుంటే, ఆ ఘాటు వసారా దాటి నా దాకా వచ్చి, నన్ను పెద్దాపురం దగ్గర కాలవగట్టునున్న మా అమ్మమ్మ పెరట్లోకి లాక్కుపోయింది.

అమ్మమ్మ వేటకుక్కల్ని పెంచేది. కుక్కపిల్లల కోసం ఎక్కడెక్కడి జమీందార్ల మనుషులో వచ్చి అరుగుమీద కూర్చున్నా సరే, ఆవిడ ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో వెల్లకిలా వేసుకుని, పెదవి పైకెత్తి చిగుళ్ళ రంగు చూసి, పొట్ట నిమిరి, చెవుల్లో వాసన పట్టి, విడంగాల పొడి మజ్జిగలో కలిపి తాగించి, అది తల్లిపాలు మాని మెత్తటి అన్నం తిని అరిగించుకునేదాకా గుమ్మం దాటనిచ్చేది కాదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వానలు పడుతుండగా, మా ఆడకుక్క చుక్కి అయిదు పిల్లల్ని పెట్టింది. కాలవ లాకు గుమాస్తాగారి కూతురు కాంతం, తల్లిలేని పిల్ల, రోజూ వచ్చి, కాల్చిన తాటిపండు పీచు నాతోపాటు చీకుతూ, తెల్లకాళ్ళ పిల్లను ఒళ్ళోంచి దించేది కాదు. చవితినాడు తన ఉండ్రాళ్ళు సగం దానికోసం కొంగున కట్టుకొచ్చింది. అంతలో వాళ్ళ నాన్నగారికి నిడదవోలు బదిలీ అయింది.

ఆ తెల్లకాళ్ళ పిల్లను కాంతానికి ఇమ్మని నేను పోరుపెట్టాను. అమ్మమ్మ దాని నోరు తెరిచి చూపించింది.

"చిగుళ్ళు పాలిపోయాయే. రెండ్రోజుల్నించి విరేచనాలు. ఇంకో పదిరోజులు తల్లి దగ్గరుండాలి."

"కాంతం రేపే ఎల్లిపోద్దే!"

"ఎల్లనీ. నయమయ్యాక నేనే పంపుతాను."

నేను నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే ఆవిడ పాలు పితుకుతుంటే, పిల్లను పాతచీర ముక్కలో చుట్టి కాంతంవాళ్ళ పడవ దగ్గరికి పరిగెత్తాను. కాంతం చేతులు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అమ్మమ్మగారు చూశారా? బాగుందన్నారా?"

"చూసింది. బాగుందంది," అన్నాను.

సంగతి తెలిసి అమ్మమ్మ గట్టువెంట చాలాదూరం పోయిందిగానీ, తెరచాప ఎత్తిన పడవ అందలేదు. తిరిగొచ్చి చుక్కి పక్కన కూర్చుంది. చుక్కి వాసన చూసుకుంటూ మూడురోజులు పెరడంతా తిరిగింది.

నెల తరవాత గుమాస్తాగారు పనిమీద వచ్చారు.

"ఆ కుక్కపిల్ల ధవళేశ్వరం చేరకుండానే పోయిందండి. మా పిల్ల రెండ్రోజులు అన్నం ముట్టలేదు. పడవలో తనే సరిగ్గా పట్టుకోలేదేమోనని మిమ్మల్ని అడగమందండి."

నేను తలుపు వెనక ఉన్నాను. అమ్మమ్మ నావైపు చూసి, ఆయనతో అంది:

"తప్పు మీ పాపది కాదు బాబూ. జబ్బుపిల్లని పంపించాను. నాదే తప్పని చెప్పండి."

ఆ తరవాత ఆవిడ కుక్కల్ని ఎక్కువకాలం పెంచలేదు. కాంతానికి నిజం చెప్పాలనుకుంటూనే నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు.

ఇప్పుడు గోదావరి మీద రైలు వంతెన పడింది. క్రితం ఏడు నిడదవోలులో దిగి లాకు దగ్గర వాకబు చేశాను. ఆ గుమాస్తాగారి అమ్మాయి పెళ్ళి కాకుండానే కలరాలో పోయిందని ఒక ముసలాయన చెప్పాడు. వాళ్ళున్న ఇల్లు ఏదని అడిగితే, గట్టుమీద ఖాళీ చోటు చూపించాడు. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. తిరుగు రైలు వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.