అన్నయ్య గెలిచిన కచేరీ

ఆ ఇంట్లో తాత వయొలిన్, అమ్మ గాయని, నాన్న కర్ర ఊపి ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్. పుట్టిన బిడ్డ ఏడ్చినా శ్రుతిలో ఏడవాలి, లేకపోతే నాన్న మొహం చిట్లించేవాడు. అలాంటి ఇంట్లో కూతురు పియానో ముందు పెరిగింది. ఆమె అన్నయ్య మాత్రం అద్దం ముందు పెరిగాడు. నాన్నలా చేతులు తిప్పడం, జుట్టు ఎగరేయడం... అబ్బో, చూడ్డానికి రెండు కళ్లూ చాలవు!

నాన్నకు మోకాళ్లు పట్టేశాక రిహార్సళ్ల భారమంతా ఆమె మీదే పడింది. ఎవరైనా రాకపోతే వాళ్ల వంతు కూడా తనే పియానో మీద వాయిస్తూ, ఎవరు ఎప్పుడు అందుకోవాలో తల ఊపి చెప్పేది. నెలంతా అందరినీ సానబట్టేది ఆమె. కచేరీ రోజున నల్లకోటు తొడుక్కుని వచ్చి కర్ర ఎత్తేది నాన్న. సొమ్మొకడిది, సోకొకడిది. అయినా నాన్నే కదా అని సరిపెట్టుకుంది.

నాన్న దిగిపోయే ఏడాది వచ్చింది. ఆ చోటు తనకు కావాలని ఆమె మొదటిసారి నోరు తెరిచి అడిగింది. ఆర్కెస్ట్రా కమిటీ పెద్దాయన మెత్తగా నవ్వాడు.

"మీ నాన్నగారు మీ అన్నయ్య పేరు చెప్పారమ్మా. ముందు అతనికో కచేరీ ఇచ్చి చూస్తాం. బోల్తా కొడితే నువ్వే. మాటిస్తున్నా."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. కన్నతండ్రే వడ్డిస్తున్నా ఆమె దాకా గరిటె రాలేదు.

ఆ కచేరీలో పియానో ఆమెదే. సగంలో అన్నయ్య తన ముందున్న స్వరాల పుస్తకంలో రెండు పేజీలు కలిపి తిప్పేశాడు. కర్ర ఒక దారి, సంగీతం ఒక దారి. వయొలిన్లు తడబడ్డాయి. బూర వాయించే పెద్దాయన, రిహార్సళ్లలో అలవాటైపోయి, తిన్నగా ఆమె వైపు చూశాడు.

ఊరుకుంటే చాలు. కాసేపు రాయిలా కూర్చుంటే ఆ చోటు ఆమెది. 'మునగనీ, నాకేం?' అనుకుంది కూడా. కానీ పాడు చెవులు! ఒక్క అపస్వరం పడనివ్వని చెవులు. ఆ గందరగోళం భరించలేక తల దానంతట అదే ఊగింది. బూర అందుకుంది, వయొలిన్లు దాని వెంట పడ్డాయి, అన్నయ్య కర్ర వాటి వెంట పరుగెత్తింది. చివర్లో హాలంతా లేచి అన్నయ్యకు చప్పట్లు కొట్టింది. తన నోటి దగ్గర కూడు ఆమె చేజేతులా తీసి వాడి నోట్లో పెట్టింది.

ఇంటికొచ్చాక నాన్న ఆమె భుజం తట్టాడు.

"ఇంటి పరువు కాపాడావు తల్లీ."

"అయితే ఆ మాట కమిటీ వాళ్లతో చెప్పండి నాన్నా."

"ఇంట్లో మాట బయటికెందుకమ్మా?"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఇక రిహార్సల్‌కు వెళ్లేది లేదని భీష్మించుకుంది. వారం తిరక్కుండా వెళ్లింది. ఎక్కడికి పోతుంది, పియానో అక్కడే ఉందిగా! అన్నయ్య కండక్టరయ్యాడు. నెలంతా ఆమె సానబట్టింది, కచేరీ రోజున అతను నల్లకోటు తొడుక్కుని వచ్చాడు. అలాగే ఇద్దరి తలలూ నెరిశాయి.

అన్నయ్యకు సన్మానం జరిగిన రోజున పత్రికాయన ఒకడు పలకరింపుగా ఆమెను అడిగాడు.

"మీరెప్పుడూ కండక్ట్ చెయ్యలేదా అమ్మా?"

ఆమె కంటే ముందే అన్నయ్య అందుకున్నాడు.

"మా చెల్లాయికి జనం ముందు నిలబడాలంటే భయమండీ."

అందరూ నవ్వారు.

"చేశానండీ, ఒక్కసారి," అంది ఆమె. "చెయ్యకుండా ఉండాల్సింది."