ఎండ చూడని దయ్యాలు

ఆ రోజు తిరుత్తణిలో పళ్ళిపట్టు బస్సెక్కినప్పటి నుంచి పాపది ఒకటే ఏడుపు. చీకట్లో మెరిసే దయ్యాల కార్డుల ఆట కొనిస్తే, తువ్వాలు కప్పి చూసినా ఒక్క దయ్యమూ మెరవలేదు. మెరుపు అయిపోతుందని వారం రోజులు వాటిని బీరువాలో దాచింది నేనే. చిరాకు మాత్రం పాప మీద చూపించాను. ఎండ పడుతోందని కిటికీ షట్టరు కూడా దించేశాను.

మా పక్కనున్న పెద్దామె షట్టరెత్తి, కార్డులు పాప ఒళ్ళో ఎండకు పరిచింది.

“ఎండే సూపించకపోతే యాడ మెరుస్తాయయ్యా?” అంది.

కాసేపటికి కొంగు కప్పి పాపకు చూపించింది. దయ్యాలన్నీ పచ్చగా మెరిశాయి. నా తెలివికి నాకే ఒళ్ళు మండింది.

పేరైనా అడగకముందే ఆమె అత్తిమంజేరిపేటలో దిగిపోయింది. నేను మళ్ళీ షట్టరు దించబోయాను.

“వద్దు నాయనా,” అని పాప నా చెయ్యి పట్టుకుంది. “నేను గూడా మెరవాల.”